సీసా వెనక చిన్నక్షరాలు

ఒరేయ్ చిట్టీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, తిట్టుకో. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి ఎక్కడ పెట్టానో కనపడలేదు, రెండోది "నేను క్షేమం" దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో అందరం బావున్నాం. పెద్దాడి పరీక్షలయ్యాయి. ఆఫీసు ఎప్పటిలాగే ఏడుస్తోంది. మీ నాన్నగారి కంటి ఆపరేషన్ ఎలా జరిగిందో వివరంగా రాయి. అంతే, కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

పోయిన నెల ఆఫీసులో పదిమంది ముందు మాట్లాడాల్సి వచ్చింది. ముదురు నీలం కోటు వేసుకుని వెళ్లాను. అంతా అయ్యాక కొత్తగా చేరిన కుర్రాడొకడు దగ్గరికొచ్చి, పాపం ఎంతో మర్యాదగా, "సార్, భుజం మీద సుద్దపొడి పడినట్టుంది" అని దులపబోయాడు. ఒరేయ్, ఆ గదిలో ఉన్నది వైట్‌బోర్డు! సుద్దముక్క అనేది ఆ బిల్డింగులోనే లేదు, రాలింది నా చుండ్రు. హాస్టల్లో నువ్వు నాకు పెట్టిన పేరు ఇరవై ఏళ్ల తర్వాత వాడి నోట్లోకి ఎలా వచ్చిందిరా? వాడేమైనా నీకు చుట్టమా?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండు దాటాక బాత్‌రూమ్‌లో తలుపేసుకుని, అరలో ఉన్న షాంపూ సీసాలు కిందకి దించాను. మూడు. నీలం మూతది ఒకటి, ఆకుల బొమ్మలున్న పచ్చది ఒకటి, ఎప్పుడో డాక్టరు రాస్తే రెండుసార్లు వాడి మూలన పడేసిన బుల్లి తెల్లది ఒకటి. ముందువైపు అక్షరాలు పోస్టరంత ఉన్నాయి. వెనక్కి తిప్పితే చీమ తలకాయలంత. పైగా సీసా గుండ్రం, లేబులు తళతళ. టార్చి వేస్తే వెలుగు కంట్లో కొడుతుంది, ఆర్పితే ఏమీ కనపడదు. చివరికి ఫోన్‌తో ఫొటోలు తీసి, పెద్దవి చేసి చదివాను. బయటి నుంచి "ఏమండీ, లోపలే పడుకున్నారా?" అని కేక.

నీ సిద్ధాంతం గుర్తుందిగా? "ఒకే షాంపూ వాడితే తల అలవాటు పడిపోతుంది రా, మారుస్తూ ఉండాలి" అని. నేనొక వెర్రివాణ్ణి, అది నమ్మి ఎనిమిది నెలలుగా ఒక వారం నీలం, ఒక వారం పచ్చ. నీలం సీసా వెనక ఏ చుండ్రు మందు ఉందో తెలుసా? జింక్ పైరిథియోన్, 1 శాతం. పచ్చ సీసా వెనక? జింక్ పైరిథియోన్, 1 శాతం.

ఇంకోసారి చదివాను. అదే. ఎనిమిది నెలల్లో నేను మార్చింది మూత రంగు ఒక్కటే.

మరి ఆ ఆకులేమయ్యాయి అని వెతికాను. వెనక రాసిన పదార్థాల పట్టీలో పరిమళం పేరు కూడా అయిపోయాక, రంగులకు ముందు, ఆకు రసం పేరొకటి బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. ఆ వరసకో లెక్క ఉందట. ఎక్కువున్నది ముందు రాస్తారు, తక్కువది తర్వాత. 1 శాతం కంటే తక్కువున్నవాటిని మాత్రం ఎలాగైనా రాసుకోవచ్చు. అందుకే మొదట నీళ్లు, ఆ తర్వాత నురుగిచ్చే సోడియం లారెత్ సల్ఫేట్. బొమ్మలో ఆకు నా అరచేయంత ఉంది. సీసాలో ఎంతుంటుందో నువ్వే ఊహించుకో.

మర్నాటి నుంచి చదవడం మొదలెట్టాను. నాకు ఏదైనా పట్టుకుంటే వదలదని నీకు తెలుసుగా (సైకిల్ చైను సంగతి ఇప్పుడు ఎత్తకు). మాడు ఎండిపోయి చుండ్రు వస్తుందని కదా మనం అనుకునేది? సంగతి వేరే. మనందరి నెత్తి మీదా మలాసేజియా అనే ఫంగస్ కాపురం ఉంటుంది. మొదట దాన్ని "మలేషియా" అని చదివాను, నవ్వకు. 1874లో దాన్ని పొలుసుల్లో గమనించిన మలాసే అనే ఫ్రెంచి ఆయన పేరు మీద వచ్చిన పేరది. మాడు మీద ఊరే నూనె దాని తిండి. తిన్నాక ఒలీయిక్ ఆమ్లాన్ని వదిలేస్తుంది. కొందరి చర్మానికి అది పడదు. దురద పుడుతుంది, చర్మం కంగారుపడి కొత్త కణాల్ని తొందరతొందరగా పైకి తోస్తుంది, పాతవి అట్టకట్టి రాలతాయి. అదే ఫంగస్ నీ తల మీదా ఉంది. ఇన్నాళ్లూ నీకు పడింది, నాకు పడలేదు, అంతే.

ఇది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. "సరిగ్గా స్నానం చెయ్యవురా నువ్వు" అని అందరి ముందూ ఏడిపించేవాడివి కదా. నేనూ నవ్వేవాణ్ణి. కానీ చిట్టీ, నల్ల చొక్కాలు కొనడం మానేసింది అప్పటినుంచే. నీకెప్పుడూ చెప్పలేదు. నిన్ను అనడం కాదు, ఊరికే... సరే, పోనీ.

జింక్ పైరిథియోన్‌ని తిట్టను, మంచి మందే. నీళ్లలో కరగదు, సన్నటి పొడిలా మాడుకు అంటుకుని, కడిగాక కూడా కొంత నిలబడి ఫంగస్‌ని అణుస్తుంది. ఇక్కడో తమాషా. జర్మనీలో ఉన్న మా బావని వాళ్ల సీసా ఫొటో పెట్టమన్నాను. అదే బ్రాండు, అదే రంగు, వెనక మాత్రం పిరోక్టోన్ ఒలమైన్ అనే వేరే మందు! 2022 మార్చి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో సౌందర్య సాధనాల్లో జింక్ పైరిథియోన్ వాడకూడదట. గర్భంలోని శిశువుకు హాని చేయగల పదార్థాల జాబితాలో దాన్ని చేర్చారు. కడిగేసుకునే షాంపూలో 1 శాతం వరకు ఫర్వాలేదని వాళ్ల నిపుణుల కమిటీయే చెప్పింది. అయినా బదులుగా వేరే మందులున్నాయి కాబట్టి నిబంధన ప్రకారం తీసేశారు. చూశావా, బ్రాండు పేరు చెప్పుకుంటే ఏమీ తెలీదు. ఈ పిరోక్టోన్ చక్కగా కరుగుతుంది, అందుకని అద్దంలా కనిపించే షాంపూల్లో కూడా పెట్టొచ్చు.

ఇక బుల్లి తెల్ల సీసా. కీటోకొనజోల్, 2 శాతం. ఫంగస్ కణానికి చుట్టూ పొర ఉంటుంది కదా, అది కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే సరుకు కావాలి. ఈ మందు ఆ సరుకు తయారవకుండా అడ్డుపడుతుంది. కింద ఇంకో లైను: వారానికి రెండుసార్లు, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలి, 2 నుంచి 4 వారాలు. నేనెలా వాడానో చెప్పనా? రుద్దడం, మగ్గు ముంచడం, పోసుకోవడం. ఇరవై సెకన్లు. అలా రెండుసార్లు చేసి "ఇది పనికిరాదు" అని తీర్పు చెప్పి, ఆ డాక్టరుగారిని కూడా నాలుగు తిట్టాను. బంగారం లాంటి మందుని మూలన పెట్టి, ఎనిమిది నెలలు మూతలు మార్చుకున్నాను చూడు.

ఇప్పుడు మూడు వారాలైంది. బుధవారం, ఆదివారం. ఫోన్‌లో టైమరు పెట్టి మరీ. మొదటి వారం ఏమీ తేడా లేదు, మళ్లీ సీసా విసిరేద్దామనుకున్నాను. రెండో వారం దురద తగ్గింది. నిన్న ఆ నీలం కోటు టేబుల్ మీద విదిలించి చూశాను. రెండు. రెండే రెండు పొలుసులు రా! మా ఆవిణ్ణి పిలిచి చూపిస్తే నా మొహం కేసి అదోలా చూసి వెళ్లిపోయింది.

అయ్యో, ఇవాళ బుధవారం కదూ! ఉండు, రుద్దుకుని వస్తాను.

వచ్చాను. నెత్తిన నురుగు, భుజాల మీద తువ్వాలు, చేతిలో పెన్ను. ఐదు నిమిషాలుంది. నీ సంగతి చెప్తా విను. నీకూ చుండ్రు మొదలైందని రాశావు కదా (పైకి అయ్యో అన్నాను గానీ లోపల కాస్త హాయిగా ఉంది). సెలీనియం సల్ఫైడ్ అనే మందు ఉన్న షాంపూ మాత్రం ఆలోచించి కొను. పనిచేస్తుంది, కాదనను. కానీ రంగు వేసిన జుట్టు రంగు మారిపోవచ్చట. నువ్వు రంగు వేసుకోవని నాకు తెలుసు, మీ ఆవిడకీ తెలుసు, నీ దిండు గలీబుకీ తెలుసు. వాడితే ఉంగరం తీసి వాడు, నల్లబడుతుంది. సాలిసిలిక్ ఆమ్లం ఉన్నది పెద్దగా ఫంగస్ జోలికి పోదు, అంటుకున్న పొలుసుల్ని వదులు చేసి ఊడగొడుతుంది. నేనొకసారి వాడితే మర్నాడు మంచు కురిసింది, ముదిరిందేమోనని బెదిరిపోయాను. కోల్‌టార్ అయితే రోడ్డు వేస్తున్న వాసన, దాంతో ఎండలో కూడా జాగ్రత్తగా ఉండాలి. ముక్కు పక్కన, కనుబొమ్మల్లో ఎర్రబడి పొలుసులొస్తే మాత్రం నా ఉత్తరం పట్టుకుని కూర్చోకు, డాక్టరు దగ్గరికి పో.

తగ్గిపోయిందని మానెయ్యకూడదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూనే ఉండాలి. ఆ కాపురం ఖాళీ అయ్యేది కాదు. నీ సీసా వెనకవైపు ఫొటో తీసి పంపు, ముందువైపు నాకక్కర్లేదు.

అసలు ఇంకోటి రాయాలనుకున్నాను, ఆ రోజు స్టేషన్లో రైలు కదిలాక నువ్వు అన్నావే, దానికి నేను

టైమరు మోగింది. ఎడమ కంట్లోకి కారింది రా, మండుతోంది. కాగితం మీద ఈ మరక అదే.

ఉంటా,
సుద్దముక్క