సాంబారు కవర్ల గురించి మా కస్టమర్లతో ఓ మాట

నమస్తే అండీ. విజయవాడ సత్యనారాయణపురంలో మా కర్రీ పాయింట్‌కి రోజూ వచ్చేవాళ్ళు ఈమధ్య కౌంటర్ దగ్గర ఆలస్యమవుతోందని అంటున్నారు. నిజమే, కూరలు ముందే కవర్లలో కట్టిపెట్టకుండా గిన్నెల్లో కొలిచి పోస్తున్నాం. ఎందుకో నేనే చెప్పాలి.

120 మైక్రాన్ల కంటే పల్చటి చేతి కవర్లు 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం, అవి ఎప్పుడో మానేశాం. కూరలు కట్టే కవర్లు మాత్రం అలాగే పోతుండేవి. మీరు గిన్నె తెచ్చినా మావాళ్ళు కవర్లో కట్టి అందులో పెట్టేవారు, నాకు కోపమొచ్చి కవరు కడితే జీతంలో పది రూపాయలు కోత అని కాగితం మీద రాసి గోడకి అంటించాను. తప్పు చేశాను. నేనున్నంతసేపూ గిన్నెల్లో పోసి, నేను కూరగాయలకి వెళ్ళగానే మళ్ళీ కవర్లు తీసేవారు.

చివరికి కౌంటర్లో ఉండే అమ్మాయిని కూర్చోబెట్టి ఎందుకమ్మా ఇలా అని అడిగాను. "అన్నయ్యా, పన్నెండున్నరకి ఇరవై మంది నిలబడతారు, మన గరిటెకి కొలత లేదు, గిన్నెలో పోస్తే తక్కువ పోశావంటారు, కవరైతే ముందే కట్టి ఉంటుంది కదా" అంది. ఇన్నాళ్ళూ నేను అడగనే లేదు. ఆ వారంలోనే కవరుకి పట్టినంతే పట్టేలా రెండు సైజుల్లో కొలత గరిటెలు తెచ్చాను.

గిన్నెలు కడిగే ఆవిడది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి వరదొచ్చినప్పుడు వాళ్ళింట్లో నడుంలోతు నీళ్ళు. వరద కవర్ల వల్ల రాలేదు, అది నాకూ తెలుసు, కానీ నీళ్ళు తీశాక ఇంటి ముందు మురుగుకాల్వలో చెయ్యి పెట్టి పూడిక లాగితే రబ్బరు బ్యాండు వేసిన కవర్లే వచ్చాయట, కొన్నిట్లో కూర ఇంకా ఉందట. "ఎవరి కొట్టువో తెలీదు బాబూ, ముడి మాత్రం మనం వేసేదే" అని ఆవిడ చెబుతుంటే పొయ్యి దగ్గర మాస్టారు కూడా గరిటె ఆపేశారు. ఆ రోజే గోడమీద కాగితం చింపేశాను.

ఇప్పుడు టీకి పేపరు కప్పుల్లేవు, వాటి లోపలా సన్నటి ప్లాస్టిక్ పూతే ఉంటుంది. మా పనివాళ్ళు ఆరుగురికీ స్టీలు గ్లాసులు, అడుగున గోళ్ళరంగుతో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకున్నారు. వాడేసిన నూనె డ్రైనేజీలో పొయ్యకుండా మాస్టారు డబ్బాలో పడుతున్నారు, బయోడీజిల్‌కి కొనుక్కెళ్ళేవాళ్ళు ఇచ్చే డబ్బు పనివాళ్ళే పంచుకుంటారు.

సాంబారు, రసం దగ్గరే కవర్లు మానడం ఇంకా కుదరడం లేదు. అందుకని సోమవారం నుంచి గిన్నె తేనివాళ్ళకి మేమే స్టీలు క్యారియర్ ఇస్తాం, వంద రూపాయలు కట్టండి, క్యారియర్ తిరిగిచ్చిన రోజు వందా వెనక్కిచ్చేస్తాం. సొంత గిన్నె తెస్తే కూరకి రెండు రూపాయలు తగ్గిస్తాం. ఆలస్యమైతే నన్ను పిలిచి అడగండి, దయచేసి కౌంటర్లో అమ్మాయిని తొందరపెట్టకండి.