అమ్మ యూరిన్ శాంపిల్ ఐదున్నర గంటలు ఎండలో ఉంచారు: మీ సోంపేట సెంటర్ మీద ఫిర్యాదు

మేనేజర్ గారికి,

మీ ల్యాబ్ సోంపేట కలెక్షన్ సెంటర్‌లో మా అమ్మకి జరిగింది చెప్పి, రాతపూర్వకంగా జవాబు అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. బిల్లు, రెండు రిపోర్టులు జత చేశాను.

అమ్మకి రెండు రోజులుగా చలిజ్వరం, ఒంటికి వెళ్తే మంట, నడుం పక్కన పోటు. మందు మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి, ఇచ్చేయండి, యాంటీబయాటిక్ పడ్డాక ఇస్తే క్రిమి పెరగకపోవచ్చు అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అందుకే పొద్దున్న ఏడింటికల్లా, మీవాళ్లు చెప్పినట్టే మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి, మూత బిగించి తెచ్చి ఇచ్చాను. పన్నెండున్నరకి మిగతా డబ్బులు కట్టడానికి వస్తే ఆ డబ్బా ఇంకా కౌంటర్ మీదే ఉంది. నా చేత్తో అమ్మ పేరు రాసి అంటించిన తెల్ల స్టిక్కరు మీద కిటికీలోంచి ఎండ పడుతోంది, పక్కన టీ గ్లాసు. పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. అడిగితే "మధ్యాహ్నం బండికి శ్రీకాకుళం వెళ్లిపోద్ది సార్" అన్నారు. దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, అదీ ఐస్ లేని సంచిలో.

మూత్రాన్ని రెండు గంటల్లోపు పరీక్ష చేయాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదంటే బోరిక్ ఆసిడ్ వేసిన డబ్బాలో పంపాలి. ఇది మీకు నేను చెప్పాలా? వెచ్చగా ఉంచితే అందులో బ్యాక్టీరియా గంటగంటకీ పెరిగిపోతుంది, చీముకణాలు చితికిపోతాయి. రిపోర్టులో, స్ట్రిప్ ముంచి చేసే యూరిన్ పరీక్ష కింద, నైట్రైట్ పాజిటివ్ అని వేశారు. మూత్రంలోని నైట్రేట్‌ని ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఆ స్ట్రిప్ పట్టుకునేది దాన్నే. మరి ఆ మార్పు అమ్మ ఒంట్లో జరిగిందా, మీ కౌంటర్ మీద డబ్బాలో జరిగిందా? రిపోర్టు మీద శాంపిల్ తీసిన టైమే లేదు, డాక్టరు గారికి మాత్రం ఎలా తెలుస్తుంది?

కల్చర్ సంగతి ఇంకా ఘోరం. మూడో రోజున "రకరకాల క్రిములు పెరిగాయి, మళ్లీ శాంపిల్ పంపండి" అని వచ్చింది. జ్వరం ఎక్కువగా ఉండటంతో డాక్టరు గారు అప్పటికే మందు మొదలుపెట్టేశారు, రెండోసారి ఇస్తే ఏమీ పెరగలేదు. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో ఇక తెలిసే దారి లేదు. జ్వరం తగ్గకపోయేసరికి అంచనా మీద మందు మార్చి ఐదు రోజులు ఇంజక్షన్లు చేయించాం. డాక్టరు చీటీలో లేని ప్రొకాల్సిటోనిన్ అనే రక్తపరీక్షని ప్యాకేజ్ పేరుతో మా చేత కట్టించారు. సీఆర్‌పీ రక్తపరీక్ష అయినా, ఈ ప్రొకాల్సిటోనిన్ అయినా, ఇన్ఫెక్షన్ ఎంత తీవ్రంగా ఉందో అంచనాకి పనికొస్తాయేమో గానీ ఏ మందు వేయాలో చెప్పవు. అది చెప్పేది కల్చర్, మీరు పాడుచేసిందీ దాన్నే.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.4 ఉండటం చూసి మీ కౌంటర్‌లో అబ్బాయి అమ్మ ముందే "కిడ్నీలు దెబ్బతిన్నాయమ్మా, పలాస వెళ్లిపోండి" అన్నాడు. ఇది ఉద్దానం అండీ. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన ఇళ్లే, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది అందుకే కదా. మా మావయ్య డయాలసిస్ చేయించుకుంటూనే పోయాడు. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, "నాకూ వచ్చేసిందేటిరా" అని ఒకటే అడగడం. జ్వరం, వాంతులతో ఒంట్లో నీరు తగ్గినా క్రియాటినిన్ కొంత పెరుగుతుందని డాక్టరు గారు నచ్చజెప్పేదాకా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. పది రోజుల తర్వాత వేరేచోట చేయిస్తే 0.9 వచ్చింది.

కల్చర్‌కీ, ప్రొకాల్సిటోనిన్‌కీ కట్టిన డబ్బులు వెనక్కి ఇవ్వండి. సోంపేట సెంటర్‌లో ఫ్రిజ్, బండికి ఐస్ బాక్స్ ఎప్పటికి పెడతారో తేదీతో చెప్పండి. ప్రతి రిపోర్టు మీదా శాంపిల్ తీసిన టైమూ, ల్యాబ్‌కి చేరిన టైమూ వేయండి. రిపోర్టు చదివి జబ్బు చెప్పే పని కౌంటర్‌లో వాళ్లు చేయకూడదని రాసి ఇవ్వండి. నెలాఖరులోగా జవాబు రాకపోతే ఇవే కాగితాలతో శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
ఆ పేషెంట్ కొడుకు,
సోంపేట