ఆ రేకు డబ్బా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిన్నా,

మొన్న రాత్రి పన్నెండున్నరకి ఫోన్ చేసి సరిగ్గా మాట్లాడలేకపోయావు. "ఏం కాలేదమ్మా, ఒక సినిమా చూశాను, అంతే" అన్నావు. గొంతు పూడుకుపోయి ఉంది. పొద్దున లేచి చూస్తే నీ మెసేజ్. "సారీ అమ్మా, రాత్రి ఓవర్ చేశాను. కార్టూన్ చూసి ఏడ్చానని రూమ్‌లో వీళ్ళంతా నవ్వుతున్నారు" అని. ఆ సారీ చూశాక నాకు మనసు మనసులో లేదు. ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి పంపితే సరిపోదనిపించింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపు పంపే సున్నుండల పార్సిల్‌లో ఇది కూడా పెడతాను.

నువ్వు చెప్పిన ఆ జపాన్ సినిమా, యుద్ధంలో దిక్కులేనివాళ్ళయిన అన్నాచెల్లెళ్ళ కథ, గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్, ఇవాళ మధ్యాహ్నం నేనూ చూశాను. 89 నిమిషాల సినిమాకి నాకు సాయంత్రం దాకా పట్టింది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే మాయమైపోతున్నాయి. ఆపుకుంటూ, చదువుకుంటూ, మళ్ళీ నడిపించుకుంటూ చూశాను. మీ నాన్న టీ కోసం రెండుసార్లు వచ్చి, నా మొహం చూసి ఏమీ అడక్కుండా ఆయనే పెట్టుకున్నారు.

నిన్ను అంతగా ఏడిపించింది ఆ బిళ్ళల డబ్బాయే కదూ? నన్నూ అదే పట్టుకుంది. బిళ్ళలు అయిపోయాక ఆ అన్న డబ్బాలో నీళ్ళు పోసి, గిలకరించి చెల్లికి ఇస్తాడు. హార్లిక్స్ సీసా ఖాళీ అయినప్పుడు అడుగున పాలు పోసి కలిపి నీకు ఇచ్చేదాన్ని, గుర్తుందా? అచ్చం అలాగే. ఆ నాలుగేళ్ళ పిల్ల నీళ్ళలో రుచులన్నీ వెతుక్కుంటూ తాగుతుంది. సినిమా మొదట్లో స్టేషన్ ఊడ్చే మనిషి ఆ డబ్బానే తీసి చీకట్లోకి విసిరేస్తాడు, మూత ఊడి లోపలినుంచి చిన్న ఎముక ముక్కలు రాలతాయి. అప్పటికి అవేమిటో మనకి తెలీదు. అవి ఆ చెల్లివేనని తెలిశాక నేను మళ్ళీ మొదటికి వెళ్ళి ఆ ఒక్క సీనూ చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. చూడకపోతే ఆ పిల్లని అక్కడే వదిలేసి లేచి వచ్చినట్టు అనిపించింది.

ఇంకో మాట, ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఆ పిల్లాడి తండ్రి జపాన్ నౌకాదళంలో ఆఫీసరు కదా. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద బాంబులు వేసిన విమానాలు ఆ నౌకాదళం ఓడ మీద నుంచే లేచి వచ్చాయి. అప్పుడు మా మామ్మ, రెండేళ్ళ మీ తాతయ్యని చంకనేసుకుని, దొరికిన ఎడ్లబండి ఎక్కి విజయనగరం వైపు పల్లెకి పోయింది. ఊళ్ళో సగం జనం అలాగే ఎటువాళ్ళు అటు పోయారట. చిన్నప్పుడు మేము "బాంబు చప్పుడు ఎలా ఉంది మామ్మా?" అని చుట్టూ చేరి అడిగేవాళ్ళం. అది చెప్పేది కాదు. "పొయ్యి మీద గంజి పెట్టాను, దించకుండానే వచ్చేశాను" అనేది. ఎన్నిసార్లు అడిగినా ఆ గంజి సంగతే. ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఒక్కోసారి మధ్యాహ్నం నిద్రలోంచి లేచి "గంజి దించారా?" అని అడిగేది.

ఇవాళ ఆ సినిమా చూస్తూ మా మామ్మ గంజి గిన్నెని, ఆ పిల్ల డబ్బాని విడదీయలేకపోయాను. మనమీద బాంబులేసిన దేశం పిల్లే. మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళ ఊరి మీద అమెరికా బాంబులు పడ్డాయి, పిల్లలు ఆకలికి పోయారు. మా మామ్మ బతికి ఉండి చూస్తే ఏమనేదో నాకు తెలుసు. "ఆ పిల్లకి ఇంత గంజి పోసేవాళ్ళే లేకపోయారా" అనేది.

కార్టూన్ అని నవ్వినవాళ్ళకి ఇది చెప్పు. దానికి కథ రాసిన నోసాకా అకియుకి చెల్లెలు నిజంగానే 1945లో తిండి లేక చనిపోయింది. తను బతికి, చెల్లి పోయిందన్న బాధతో 1967లో ఆ కథ రాశాడు. సినిమా తీసిన తకాహాతా కూడా తొమ్మిదేళ్ళప్పుడు ఒకయామా మీద బాంబులు పడుతుంటే పరుగెత్తిన పిల్లాడే. మనుషులు పడ్డ బాధ అది, బొమ్మలు గీసి చూపించారు, అంతే తేడా.

నువ్వు ఏడ్చినందుకు నాకు చిన్నతనం కాదు నాన్నా. మన ఇంట్లో మగవాళ్ళందరూ సినిమా దగ్గరే ఏడ్చారు.

మీ తాతయ్య సంగతే తీసుకో. పోర్టు ఉద్యోగం, మాట కరుకు. వాళ్ళ అమ్మ పోయినప్పుడు కూడా కన్ను తడవలేదు. పనులన్నీ నిలబడి చేయించాడు. మీ పెద్ద మావయ్య తనకి నచ్చిన పిల్లని చేసుకున్నాడని ఏళ్ళ తరబడి మాటల్లేవు. వాడి పేరు ఇంట్లో ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. 1991లో సీతారామయ్యగారి మనవరాలు వచ్చింది. నాగేశ్వరరావు సినిమా కదా అని తనే టికెట్లు తెచ్చి అమ్మని, నన్ను జగదాంబ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. కొడుకుతో మాట మానేసిన తాత, ఆ కొడుకు చనిపోయాడన్న కబురు కడుపులో పెట్టుకుని అమెరికా నుంచి వచ్చిన మనవరాలు. కథ ఏమిటో తెలిసి ఉంటే రాకపోయేవాడేమో. సగంలో ఉండగా పక్కన కుర్చీ చిన్నగా ఊగుతోంటే తిరిగి చూశాను. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మాత్రం తెర మీద పెట్టి, భుజాలు కదిలిపోతున్నాయి. నేను చూసినట్టు తెలిస్తే లేచి వెళ్ళిపోతాడని గబుక్కున తల తిప్పేసుకున్నాను.

ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, అమ్మని అడిగాడు: "పెద్దోడి కూతురికి ఎన్నేళ్ళు?"

"నాలుగు నిండాయి" అంది అమ్మ. "ఊఁ" అన్నాడు. అంతే. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కొడుకు దగ్గరికి పోయాడని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. ఇంకో రెండేళ్ళకి నా పెళ్ళిలోగానీ మావయ్యతో మాట్లాడలేదు. అప్పుడు కూడా "భోజనాల దగ్గర చూసుకో" అన్నాడు. కానీ ఆ రాత్రి నుంచి వాడి పేరు ఎత్తితే కంచం ముందు నుంచి లేవడం మానేశాడు. సినిమా ఆ మాత్రం చేసింది. ఆ మాత్రం మేమెవరం చేయలేకపోయాం.

ఇక నా సంగతి. చిన్నప్పుడు నువ్వు తరచూ అడిగేవాడివి, టీవీలో మాతృదేవోభవ వస్తే ఎందుకు ఛానల్ మార్చేస్తావని. "ఏడుపు సినిమా, వద్దు" అనేదాన్ని. అసలు కారణం ఇప్పుడు చెబుతాను.

1993లో ఆ సినిమా వచ్చేసరికి నేను కొత్త కోడలిని. మీ నానమ్మ, వీధిలోవాళ్ళం అందరం కలిసి వెళ్ళాం. భర్త పోయి, తనకి క్యాన్సరని తెలిశాక మాధవి పిల్లల్ని ఒక్కొక్కరినే ఎవరికో పెంపకానికి ఇచ్చేస్తుంటే హాలంతా వెక్కిళ్ళే. 'రాలిపోయే పువ్వా' పాటకి వేటూరి గారికి జాతీయ అవార్డు వచ్చింది. కీరవాణే పాడారు. నేనూ ఏడ్చాను, బయటికి వచ్చి అందరితో పాటు సోడా తాగాను, మర్చిపోయాను. మర్చిపోయాననే అనుకున్నాను.

నీకు ఆరేళ్ళప్పుడు నాకు రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. మూడు రోజుల్లో వస్తుందన్న రిపోర్టు ఎక్కడో పక్కన పడిపోయి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మీ నాన్నకి, నాకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు స్కూలుకి వెళ్ళాక వంటగదిలో కింద కూర్చుని లెక్క వేసేదాన్ని. నేను పోతే వీడు ఎవరి దగ్గర ఉంటాడు? మా అమ్మ దగ్గరా, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మావయ్య దగ్గరా, వాళ్ళకే ఇద్దరు. వీడికి పప్పులో ఆవకాయ కలిపి పైన నెయ్యి వేస్తేనే ముద్ద దిగుతుందని వాళ్ళకి ఎవరు చెప్తారు? ఒక నోట్‌బుక్‌లో రాయడం కూడా మొదలుపెట్టాను. చీకటంటే భయం, లైటు వేసి ఉంచాలి. జ్వరం వస్తే కాళ్ళు పట్టాలి. అప్పుడు అర్థమైంది, పదేళ్ళ క్రితం చూసిన సినిమా నన్ను వదల్లేదని. నేను చేస్తున్నది ఆ తల్లి చేసిందే.

భయం పెంచిందా అంటే పెంచింది. కానీ ఒక్కదాన్నే కాదన్న ధైర్యం కూడా ఇచ్చింది. ఇలాంటి లెక్క వేసిన తల్లి ఇంకొకతె ఉంది, ఆవిడ కోసం హాలంతా ఏడ్చింది కదా అనిపించేది. ఆ పది రోజుల మధ్యలో ఒక ఆదివారం రాత్రి టీవీలో అమృతం కామెడీ సీరియల్ వచ్చింది. ఆంజనేలు ఏదో అన్నాడు, నువ్వు నేల మీద పడి దొర్లి నవ్వావు. నిన్ను చూసి నేను, నన్ను చూసి మీ నాన్న నవ్వాం. ఆ అరగంట నాకు పరీక్షా గుర్తులేదు, రిపోర్టూ గుర్తులేదు. ఇప్పటికీ 'ఒరేయ్ ఆంజనేలు' పాట వినపడితే కళ్ళు తడుస్తాయి. వంటగదిలో ఆ పాట వచ్చినప్పుడల్లా ఉల్లిపాయలని నీకు అబద్ధం చెప్పేదాన్ని.

రిపోర్టులో ఏమీ లేదు. మామూలు గడ్డే. ఆ నోట్‌బుక్ మాత్రం ఇంకా బీరువాలో ఉంది.

టీవీలో వచ్చినవన్నీ ఇలా మిగిలిపోవు. 1987లో ఆదివారం పొద్దున రామాయణానికి వీధి వీధంతా ఒకే ఇంట్లో చేరేది. హిందీ ముక్క రాని మా అమ్మ కూడా దశరథుడి దగ్గర ఏడ్చేది. ఇప్పటి సీరియల్స్‌లో ఒకళ్ళు ఒక మాట అంటే అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించి ఉరుముల చప్పుడు పెడతారు. చూస్తాను, కాదనను. పడుకునేసరికి ఏమీ ఉండదు. ఏడవమని వాళ్ళే ముందు మొదలుపెడితే నాకు ఏడుపు రాదు. ఆ జపాన్ పిల్ల ఆకలితో గోలీల్లాంటి గాజు బిళ్ళలు చప్పరిస్తూ ఏమీ అనదు, అందుకే వచ్చింది.

మీ నాన్న కూడా అంతే. 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం వచ్చింది. సరిగ్గా 43 ఏళ్ళకి, 2023లో అదే తేదీన దాన్ని తీసిన విశ్వనాథ్ గారు పోయారు. ఆ కబురు తెలిశాక మీ నాన్న ఒక్కరే కూర్చుని ఆ సినిమా పెట్టుకున్నారు. చివర కచేరీలో శాస్త్రిగారి గొంతు ఆగిపోతే ఆ పిల్లాడు పాట అందుకుంటాడు చూడు, అక్కడ నన్ను పిలిచి "చూశావా, వాడు..." అన్నారు. మిగతాది చెప్పలేకపోయారు.

నువ్వూ మొదటిసారి ఏడ్చినవాడివేం కాదు. 2018లో కేరాఫ్ కంచరపాలెం చూడ్డానికి వెళ్ళాం, గుర్తుందా? మర్రిపాలెంలో ఉండేవాళ్ళకి అది పక్కవీధి కథ. నటించినవాళ్ళలో చాలామంది ఆ ఊరి మనుషులే. రాజు రాధకి తన సంగతంతా చెప్పి, అప్పటిదాకా విడివిడిగా నడిచిన నాలుగు కథలూ ఒక్కడివేనని తెలిసేసరికి నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. తిరిగి వచ్చేటప్పుడు బండి మెల్లగా నడిపావు. రైల్వే గేటు దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ ఇలా నిలబడ్డవాళ్ళందరికీ అన్ని కథలు ఉంటాయా?" అన్నావు. నేను ఏమీ అనలేదు. గేటు తీశారు, వెళ్ళిపోయాం. ఆ రోజు సమాధానం చెప్పలేదు కదా, మీ తాతయ్య తువ్వాలు, మా మామ్మ గంజి, నా నోట్‌బుక్, ఇవన్నీ ఆ ప్రశ్నకే రాశాననుకో.

రూమ్‌లో వాళ్ళు నవ్వినందుకు కోపం పెట్టుకోకు. వాళ్ళకీ ఒకసారి చూపించు. మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్ళినవాడి వెనక వెళ్ళకు. కాసేపు ఉండనీ.

మీ నాన్న ఆ సినిమా తనూ చూస్తానంటున్నారు. సంక్రాంతికి నువ్వు వచ్చాక ముగ్గురం కలిసి చూద్దామన్నాను. నాకింకోసారి చూసే ధైర్యం ఉందో లేదో అప్పటికి తెలుస్తుంది. వచ్చినప్పుడు నోట్‌బుక్ కూడా చూపిస్తాను.

సున్నుండలు పాతిక పెట్టాను, నెయ్యి ఎక్కువే వేశాను. అందరికీ పెట్టు. వేసవిలో మళ్ళీ చేసి పంపాలి, డబ్బా మాత్రం పారేయకుండా వెనక్కి తీసుకురా.

అమ్మ