పచ్చసొన కుక్కల పాలవుతోంది

సంపాదకులకు నమస్కారం.

మా ఇంటి ఎదురుగానే ప్రభుత్వ బడి. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టే వేళకి వీధి కుక్కలు నాలుగైదు చేతులు కడిగే కుళాయిల దగ్గరికి చేరతాయి. పిల్లలు తెల్లసొన తినేసి పచ్చసొన అక్కడ పారేస్తారని వాటికి బాగా తెలుసు. ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను. 40 దాటాక ఆపేశాను.

మాది అనపర్తి. చుట్టూ కోళ్ల ఫారాలే. ఇక్కడి గుడ్లు లారీలకెక్కి ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా పోతాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. 2020 నుంచి బడిపిల్లలకి వారానికి 5 గుడ్లు పెడుతున్నారు. ప్రభుత్వం మారాక పథకం పేరు మారి డొక్కా సీతమ్మ గారి పేరు వచ్చింది, గుడ్డు మాత్రం ఆగలేదు. అందుకు రెండు ప్రభుత్వాలనూ మెచ్చుకోవాలి. కానీ పళ్లెం దాకా వచ్చిన గుడ్డులో పిల్లల కడుపులోకి పోతున్నది ఎంత?

నేను జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం లెక్క చెబుతాను. 50 గ్రాముల గుడ్డులో మాంసకృత్తులు 6 గ్రాములకి అటూఇటూ ఉంటాయి. వాటిలో రెండున్నర గ్రాముల దాకా పచ్చసొనవే. శక్తి 70 కేలరీలనుకుంటే 50కి పైగా దానిలోదే. విటమిన్ ఎ, డి అక్కడ తప్ప తెల్లసొనలో లేవు. బి12, మెదడుకి, నరాలకి కావలసిన కోలిన్ కూడా దాదాపు అంతా అందులోనే. ఇంత ఉన్నదాన్ని పారేసి, మిగిలింది తిని గుడ్డు తిన్నామనుకుంటున్నాం. రక్తహీనత గుడ్డుతోనే పోతుందని నేను అనను. ఇందులో ఇనుము తక్కువ, ఉన్నది కూడా ఒంటికి సరిగా పట్టదు. విటమిన్ సి అసలే లేదు. ఆకుకూర, నిమ్మకాయ పని అవే చేయాలి.

ఈ పారేసే అలవాటు పిల్లలకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, మా ఇంట్లో మాత్రం నా నుంచే. పదేళ్ల క్రితం నాకు కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు. ఆ రోజు నుంచి పచ్చసొన తీసి పళ్లెం అంచున పెట్టేవాణ్ణి. మా మనవరాలు అది చూసి, ఏడేళ్ల పిల్ల, తనూ తీసేయడం మొదలుపెట్టింది. అడిగితే "గుండెకి మంచిది కాదు తాతయ్యా" అంది! ఒక పచ్చసొనలో 180 మిల్లీగ్రాములకి పైగా కొలెస్ట్రాల్ ఉన్నమాట నిజమే. అయితే మన ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసుకునేదే. చాలామందికి తిండిలోని కొలెస్ట్రాల్ కంటే నెయ్యి, డాల్డా, వేపుళ్ల కొవ్వే ఎక్కువ చెరుపు. అమెరికా వాళ్లు కూడా రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పాత హద్దును 2015 ఆహార మార్గదర్శకాల్లో తీసేశారు. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు వినాలి, నేనూ వింటున్నాను. ఎదిగే పిల్లకి నా పథ్యం ఎందుకు?

అయితే బడిలో అసలు సంగతి భయం కాదు, రుచి. పారేసిన పచ్చసొన ఒకటి తీసి చూశాను. చుట్టూ ఆకుపచ్చగా, బూడిద రంగుగా ఒక పొర, లోపల సుద్దలా పొడిపొడి, పైగా కంపు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి అలా అవుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు గానీ, ఏ పిల్లాడు తింటాడు? వంటామెను అడిగితే, "పొద్దున్నే గుడ్లు పొయ్యి మీద పడేసి కూరగాయలు తరుక్కుంటాం మాస్టారూ, ఉడకలేదంటే మాట మామీదకి వస్తుంది" అంది. నెలకి 3,000 రూపాయల గౌరవ వేతనానికి అంతమందికి వండే మనిషిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు.

నీళ్లు మరిగాక 10, 12 నిమిషాలు చాలు. వెంటనే చన్నీళ్లలో వేస్తే ఆ ఆకుపచ్చ పొర దాదాపు రాదు, పెంకూ సులువుగా ఊడుతుంది. వారంలో రెండు రోజులు ఉడకబెట్టిన గుడ్డు బదులు ఉల్లిపాయలతో పొరటు చేస్తే పచ్చసొన విడిగా తీయడం ఎవరి తరం కాదు. దీనికి అదనపు నిధులు పెద్దగా అక్కర్లేదు. ప్రతి వంటగదికి ఒక గోడ గడియారం, వంటవాళ్లకి ఒక పూట శిక్షణ, ఇంకో పొయ్యి ఉంటే సరి. జిల్లా విద్యాశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గుడ్ల ట్రేలతో పాటు ఒక్కసారి ఆ కుళాయిల వైపు కూడా నడవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఒంటిగంట ప్రాంతంలో వస్తే మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనపర్తి, తూర్పు గోదావరి జిల్లా