చిమిడిపల్లి దగ్గర నడిచే దారి ఏది సార్?

గౌరవనీయులైన రైల్వే ఉన్నతాధికారి గారికి నమస్కారాలు.

కొత్తవలస-కిరండూల్ (కేకే) రైలు లైను ఘాట్‌లో కాలిబాట వేయమని ఇచ్చిన అర్జీల మీద రసీదు ముద్ర పడింది తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను ఇది. సిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు 996.32 మీటర్లని ఉంటుంది. కాశ్మీర్ లైను రాకముందు బ్రాడ్‌గేజ్‌లో అంతకంటే ఎత్తయిన స్టేషన్ లేదని గొప్పగా చెప్పుకునేవాళ్లం. అద్దాల బోగీ వేశారు, సంతోషం. మరి రైలు దిగినవాళ్లు ఎటు నడవాలి?

చిమిడిపల్లి జలపాతానికి వచ్చేవాళ్లు పట్టాల మీదే నడుస్తున్నారు. కొండను కోసి పట్టాలు వేసిన ఇరుకు చోట్ల కంకర దాటితే రాతిగోడే. పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. బొర్రా వైపు నుంచి కిందికి నడిచేవాళ్లకు ఖనిజం నింపుకున్న గూడ్సు వెనక నుంచి వస్తుంది. మలుపుల్లో దగ్గరికొచ్చేదాకా చప్పుడు తెలియదు. దిగుడులో అంత బరువుతో వస్తున్న బండిని డ్రైవరు బ్రేకు వేసినా ఉన్నచోట ఆపలేడు. రైలొస్తే తప్పుకోవడానికి సొరంగం గోడల్లో ఉన్న గూళ్లు ట్రాక్‌మెన్‌కు తెలుసు గానీ, ఫోన్ లైటుతో వచ్చే కుర్రాళ్లకేం తెలుసు? తలపైన 25,000 వోల్టుల తీగ. సెల్ఫీ కర్ర దానికి తగలక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. వానాకాలంలో రాళ్లు జారడం సరేసరి.

పట్టాలెక్కితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో అంటారు. చట్టాన్ని కాదనం. కానీ వేరే దారి చూపించకుండా జరిమానా బోర్డు ఒక్కటే పెడితే నడక ఆగుతుందా? సంతకు మూటలతో వెళ్లే గిరిజనులకూ ఇదే దారి కదా, వాళ్ల సంగతైనా ఆలోచించండి.

కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను పని నడుస్తోంది. యంత్రాల కోసం వేసే తాత్కాలిక దారుల్లో పనికొచ్చేవి చదును చేసి, లోయ వైపు రెయిలింగు, వాగుల మీద చిన్న వంతెనలు పెడితే కాలిబాట అవుతుంది. అటవీశాఖ అనుమతి కావాలి. ఆ ఉత్తరం మీరు రాస్తేనే కదులుతుంది. కాంట్రాక్టరు దారి తవ్వేసి వెళ్లిపోయాక అడిగి లాభం లేదు. ఒక్కసారి ఇంజినీర్లను పంపి కొలతలు తీయించండి. సిమిలిగుడ బోర్డునూ పాత భవనాన్నీ రెండో లైను పేరుతో తీసేయకండి. చేయలేమనుకుంటే ఆ మాటైనా రాతపూర్వకంగా చెప్పండి సార్.

ఇట్లు,
కేకే లైను ప్రయాణికులు