బిడ్డ గోళ్లు కూడా చూసి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం పట్టినప్పుడు గర్భిణులు కత్తిపీట ముట్టుకోకూడదని టీవీలు ఎంత ఊదరగొట్టాయో గుర్తుండే ఉంటుంది. దాని ఫలితం మా చెల్లెలు ఇప్పుడు అనుభవిస్తోంది. ఇక్కడే మారతహళ్లి దగ్గర ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పాప పుట్టింది, మిగతా వేళ్లన్నీ బాగానే ఉన్నాయి గానీ కుడి చూపుడువేలికి గోరు బియ్యపుగింజంతే ఉంది, ఎడమవేలికి అదీ లేదు, నున్నటి చర్మమే. అంతే, గ్రహణం రోజు కూరలు తరిగావా అని అత్తింటివాళ్లు మొదలుపెట్టారు. అప్పటికి దానికి ఆరో నెల. బిడ్డ వేళ్లు ఎనిమిదో వారానికల్లా విడిపోతాయి, గోళ్లు పదో వారం దగ్గరే మొదలవుతాయి, ఈ మాట వాళ్లకి ఎవరు చెప్పాలి?

డిశ్చార్జి కాగితంలో బరువు, బ్లడ్ గ్రూపు అన్నీ రాశారు, గోళ్ల ఊసే లేదు. అడిగితే "పెరుగుతాయి లెండి" అన్నారు. తర్వాత చర్మవ్యాధుల డాక్టరమ్మ చూసి ఇసో-కికుచి సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే గోరు సరిగా ఏర్పడకపోవడం, అని చెప్పారు. అరుదైనదే, ఎక్కువగా చూపుడువేళ్లకే వస్తుంది. పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే కొందరిలో వేలి చివరి ఎముక ఇంగ్లిషు వై అక్షరంలా చీలి కనబడుతుంది. చాలామందికి వైద్యం అక్కర్లేదు. ఆ ఒక్క మాట మొదటిరోజే చెప్పుంటే ఇంత టెన్షన్ ఉండేదా?

అలాగని ప్రతి గోరునీ తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. బొటనవేళ్ల గోళ్లు లేకపోయినా సగమే ఉన్నా నెయిల్-పటెల్లా సిండ్రోమ్ కావచ్చు. అందులో మోకాలిచిప్పలు చిన్నవిగా ఉంటాయి, కొందరికి అసలుండవు. కొందరికి మూత్రంలో ప్రొటీన్ పోయి కిడ్నీలు దెబ్బతింటాయి, తర్వాతెప్పుడో కంట్లో గ్లకోమా (నీటికాసులు) రావచ్చు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం. ఏటా మూత్రపరీక్ష, బీపీ చూపించుకుంటే కిడ్నీ సంగతి ముందే తెలుస్తుంది, కానీ అనుమానమంటూ రావాలి కదా.

సర్కారు ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డల్ని పుట్టుకలోపాల కోసం చూడాలని 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చెబుతోంది. అక్కడ ఎంత జరుగుతోందన్నది వేరే కథ. ప్రైవేటులో మాత్రం ఎవరి ఓపిక వారిది. వేలకు వేలు బిల్లు వేసేవాళ్లు డిశ్చార్జి కాగితంలో "వేళ్లు, గోళ్లు" అని ఓ గడి పెట్టలేరా? కర్ణాటక ఆరోగ్యశాఖ ఆ మేరకు ఆదేశం ఇవ్వాలి. తేడా కనిపిస్తే ఎవరికి చూపించాలో కూడా అందులోనే రాయాలి. జన్యు సలహా కావాలంటే ఎలక్ట్రానిక్ సిటీలో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉందని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

మీకూ ఓ విన్నపం. ఈసారి గ్రహణం వేళలు వేసేటప్పుడు పక్కనే ఓ పిల్లల డాక్టరుతో నాలుగు ముక్కలు రాయించండి.

– ఒక పాఠకురాలు, బెంగళూరు