ఈసారి ప్రాగ్ టూర్ క్రిస్మస్‌కి కాదు, సంక్రాంతి వెళ్లాక

మా దగ్గర టికెట్లు, టూర్లు బుక్ చేసుకునే విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వాళ్లందరికీ నమస్కారం. యూరప్‌లో చెక్ దేశం రాజధాని ప్రాగ్‌కి వేసే చలికాలం టూర్ సంగతి ఏమైందని చాలామంది అడుగుతున్నారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఇక్కడే రాసేస్తున్నాను. ఈసారి డిసెంబర్‌లో వెళ్లడం లేదు. కనుమ, ముక్కనుమ అయిపోయి చుట్టాలు వెళ్లాక, జనవరి చివరి వారంలో బయల్దేరతాం. అప్పటికి క్రిస్మస్ బజార్లు ఎత్తేస్తారు, పాత ఊరి నడిబొడ్డున ఉన్న ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పెద్ద క్రిస్మస్ చెట్టూ ఉండదు. ఆ దీపాల కోసమే వెళ్దామనుకున్నవాళ్లు దయచేసి ఈ టూర్‌కి డబ్బు కట్టకండి. తిరిగొచ్చాక నన్ను తిట్టుకుంటారు.

"పండగెల్లిపోయాక అక్కడేటుంటాదండీ?" అని మా పాత కస్టమరు ఒకాయన మొహం మీదే అడిగేశారు. అడగాల్సిన మాటే.

మొదటి కారణం డబ్బు. మాకు వచ్చిన కొటేషన్లు చూస్తే, క్రిస్మస్ వారంలో పాత ఊళ్లోని మంచి హోటల్ ఒక రాత్రికి అడిగే డబ్బుతో జనవరి చివర్లో దాదాపు రెండు రాత్రులు ఉండొచ్చు. అదే గది, అదే టిఫిను.

రెండోది డిసెంబర్ 24 సాయంత్రం. చెక్ వాళ్లకి అసలు పండగ ఆ రాత్రే. ఇంటిల్లిపాదీ కూర్చుని చేప వేపుడు, బంగాళాదుంపల సలాడ్ తింటారు. దానికి నాలుగైదు రోజుల ముందు నుంచే వీధుల్లో పెద్ద తొట్టెలు పెట్టి బతికున్న చేపలు అమ్ముతారు. మన బంగారుతీగ రకమే. బుట్టవలతో తీసి, తూచి, కావాలంటే అక్కడే కొట్టి శుభ్రం చేసి ఇస్తారు. పోయిన చలికాలం మాతో వచ్చిన ఒక పెద్దావిడ ఆ తొట్టె దగ్గర ఆగి, వేళ్లతో సైగలు చేస్తూ బేరానికి దిగారు. వండడానికి పొయ్యేదండీ అంటే, "ధర తెలుసుకుంటే తప్పా బాబూ?" అన్నారు. జనవరిలో ఈ సరదా ఉండదు, నిజమే. కానీ 24 సాయంత్రం భోజనానికి బయల్దేరితే ఎటు చూసినా మూసిన తలుపులే. తెరిచి ఉన్నచోట పండగ మెనూ, పండగ రేటు, శాకాహారులకి సూపూ రొట్టే. జనవరి చివర్లో ఈ టెన్షన్ ఉండదు.

మూడోది మన పండగ. డిసెంబర్ చివర్లో బట్టల కొట్లవాళ్లు గల్లా వదిలి రాలేరు. భోగి నాటికి ఇల్లు వదిలి రమ్మంటే మనవాళ్లెవరూ రారు. అందుకే పండగ దాటాక పెట్టాను. దీనివల్ల బడికెళ్లే పిల్లలున్న కుటుంబాలు రాలేవు, ఆ బేరం పోతుందని తెలుసు. వాళ్ల కోసం వేసవిలో వేరే టూర్ చూస్తాను. ఇది రిటైరైనవాళ్లకి, పండగ సీజన్ అయ్యాక కాస్త ఊపిరి తీసుకునే వ్యాపారులకి.

ఇక అందరూ గునుస్తున్న హోటల్ రేటు. మనం దిగేది పాత ఊళ్లోని లగ్జరీ హోటల్లో. "ఊరి బయట సగం రేటుకి దొరుకుతుంది కదా, పడుకోడానికే కదా" అంటున్నారు. వేసవిలో అయితే నేనూ అదే చెబుతాను. చలికాలంలో లెక్క వేరు. లంబసింగిలో తెల్లవారుజామున ఉండే చలి అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా ఉంటుంది. పావుతక్కువ ఎనిమిదికి తెల్లారి, పావుతక్కువ అయిదుకల్లా పొద్దు గూకుతుంది. అరవై దాటినవాళ్లు అంత చలిలో రోజంతా బయట ఉండలేరు. గంటన్నర తిరిగి, గదికొచ్చి, కాళ్లు వెచ్చబెట్టుకుని, టీ తాగి మళ్లీ వెళ్లాలి. ఊరి బయట హోటల్ తీసుకుంటే అది కుదరదు, పగలంతా బస్సులోనో కాఫీ కొట్లోనో గడుస్తుంది. మీరు కట్టే ఎక్కువ డబ్బు షాండ్లియర్లకి కాదు, గది దగ్గరగా ఉన్నందుకు. పొద్దున్నే టూరిస్టు గుంపులు రాకముందే నాలుగడుగుల్లో చార్లెస్ బ్రిడ్జి మీద ఉంటారు. అంతకుముందున్న వంతెన 1342 వరదలో కొట్టుకుపోతే, రాజు నాలుగో చార్లెస్ 1357లో ఈ రాతివంతెన మొదలుపెట్టించాడు. అరకిలోమీటరు పొడవు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. ఆ వేళకి వంతెన మీద మనమూ, నది పక్షులూ, పెళ్లి ఫొటోలు తీయించుకునే జంటలూ తప్ప ఎవరూ ఉండరు.

అయితే లగ్జరీ అనగానే దుబాయ్ హోటల్ ఊహించుకోకండి. ఇవి పాత కట్టడాలు, ఇష్టమొచ్చినట్టు పగలగొట్టి మార్చడానికి వాళ్ల చట్టం ఒప్పుకోదు. అందుకే ఒకే రేటు కట్టినా ఒకరి గది పెద్దది, ఇంకొకరిది చిన్నది అవుతుంది. పై అంతస్తులో దూలాలు తలకి తగిలేలా ఉంటాయి. పొడుగ్గా ఉన్నవాళ్లు ముందే చెబితే కింది గది అడుగుతాను. బయట అంతా రాళ్లు పరిచిన సందులు, చక్రాల సూట్‌కేసు లాగితే వీధంతా మోగుతుంది. బాత్రూంలో హ్యాండ్ షవర్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, ప్లాస్టిక్ మగ్ ఒకటి పెట్టుకోండి, సిగ్గేం లేదు. గదిలో వంట కుదరదు, పొగకి అలారం మోగుతుంది. పంపునీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. భీమాలి తాండ్ర, ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం యూరప్ వాళ్లు నిషేధించారు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు.

చూసేవాటి జాబితా చిన్నదే, కావాలనే చిన్నది పెట్టాను. ప్రాగ్ కోట లోపలి భవనాలు చలికాలంలో నాలుగింటికే మూసేస్తారు కాబట్టి అది పొద్దుటి పని. అక్కడి సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయింది. మన మున్సిపాలిటీ కాంట్రాక్టర్లని ఇక ఏమీ అనకూడదేమో. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో 1410 నాటి గడియారం గంటగంటకీ బొమ్మలాట చూపిస్తుంది, అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది. అందరూ ఫోన్లెత్తి చూస్తుంటారు, జేబులు జాగ్రత్త. నాకు అన్నిటికంటే నచ్చేది కోట నుంచి దిగే నెరుదోవా వీధి. ఇళ్లకి నంబర్లు రాకముందు గుమ్మాల మీద బొమ్మలే గుర్తులు. అందులో ఒక ఇంటి మీద మూడు ఫిడేళ్లు ఉంటాయి, ఒకప్పుడు ఫిడేళ్లు చేసే కుటుంబం అక్కడ కాపురముంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం, అక్కడ కాసేపు నిలబడకుండా ఎలా వెళ్తాం?

భోగాపురం నుంచి ప్రాగ్‌కి నేరుగా విమానం ఉంటుందా అని అడుగుతున్నారు. ఉండదు. హైదరాబాద్ వెళ్లి, దారిలో ఇంకోచోట మారాలి.

డబ్బు సంగతి. షెంజెన్ వీసా (చెక్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా సెంటర్ చార్జీ వేరు. వీసా రాకపోతే ఆ డబ్బు వెనక్కి రాదు, వస్తుందని నేను హామీ ఇవ్వలేను, ఇచ్చేవాళ్లని నమ్మకండి. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది ప్యాకేజీలో కలిపేశాను. హోటల్ దగ్గర రాత్రికి మనిషికి 50 కొరూనాల సిటీ ట్యాక్స్ కూడా కలిపాను. అక్కడ నడిచేది కొరూనా, వీధిలో ఎవరైనా నోట్లు మారుస్తామంటే ఆగకండి. టీసీఎస్ (ఫారిన్ టూర్ల మీద ముందే పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తాను కానీ అది మీ పాన్ మీద పడుతుంది, ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. హోటల్ నాకు ఇచ్చే కమీషన్ బిల్లులోనే కనిపిస్తుంది, దాని మీద ఇంకో సర్వీస్ చార్జీ వేయడం లేదు. గదులు క్యాన్సిల్ చేసుకోగల రేటుకే తీసుకుంటున్నాను. కాస్త ఎక్కువే, కానీ వీసా రానివాళ్ల గది డబ్బు మునగదు. వీసా వచ్చాకే మిగతా సొమ్ము కట్టండి.

రావాలనుకునేవాళ్లు ముందు పాస్‌పోర్టు తీసి చూసుకోండి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. వేలిముద్రలకి మీరే స్వయంగా వెళ్లాలి. అయిదేళ్ల లోపు షెంజెన్ వీసాకి ఇచ్చినవాళ్లకి మళ్లీ అక్కర్లేకపోవచ్చు, పాత వీసా కాపీ పట్టుకురండి. గంటస్తంభం దగ్గరి మన ఆఫీసు దసరా, సిరిమాను రోజుల్లో మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో పొద్దున్న పది నుంచి ఉంటాను.